ఒకే ఫ్లాస్కులో మూడు పదార్థాలు: బిజినెల్లి చర్యను చేసే విధానం

కోనసీమలోనో భీమవరం వైపో ఒక చిన్న కళాశాలలో ఎమ్మెస్సీ కర్బన రసాయన శాస్త్రం చదువుతూ, చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు ఏ చర్యను ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ విధానాన్ని రాస్తున్నాను. నత్రజని వాయువు సిలిండర్లు, రోటరీ ఎవాపరేటర్, కాలమ్ క్రోమటోగ్రఫీకి సరిపడా ద్రావణులు లేని ప్రయోగశాలలో కూడా హెటెరోసైక్లిక్ సమ్మేళనాలను, అంటే వలయంలో కార్బన్‌తో పాటు నత్రజని, ఆక్సిజన్, గంధకం వంటి మరో మూలక పరమాణువు కూడా ఉండే సమ్మేళనాలను, శుద్ధమైన స్ఫటికాలుగా తయారు చేయవచ్చు. అందుకు అన్నిటికన్నా అనువైనవి బహుఘటక సంఘనన చర్యలు, అంటే మూడు లేదా అంతకన్నా ఎక్కువ పదార్థాలు ఒకే ఫ్లాస్కులో కలిసి, నీరు వంటి చిన్న అణువులను వదులుతూ ఒకే అణువుగా ఏర్పడే చర్యలు. వాటిలో నేను మొదట చేయించేది బిజినెల్లి చర్య.

ఇటలీకి చెందిన పియెత్రో బిజినెల్లి 1891లో ఒక ఆల్డిహైడు, ఇథైల్ ఎసిటోఎసిటేట్, యూరియా అనే మూడింటిని ఆల్కహాలులో కొద్దిపాటి ఆమ్లంతో కలిపి మరిగిస్తే అవి మూడూ కూడి ఒకే వలయంగా ఏర్పడతాయని చూపాడు. ఆ వలయాన్ని డైహైడ్రోపిరిమిడినోన్ అంటాము. పిరిమిడిన్ వలయం మనకు కొత్తది కాదు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలో ఉండే యురాసిల్, థైమిన్, సైటోసిన్ అన్నీ ఆ కుటుంబానివే. దాదాపు వందేళ్లపాటు ఈ చర్యను పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1999లో ఇదే చట్రం కలిగిన మోనాస్ట్రాల్ అనే అణువు కణవిభజనకు అవసరమైన ఒక కైనెసిన్ ప్రోటీనును అడ్డుకుంటుందని తెలిసిన తరువాత దీనిమీద ఆసక్తి మరింత పెరిగింది. మోనాస్ట్రాల్ తయారీకి కూడా కావలసినవి మూడే: 3-హైడ్రాక్సీబెంజాల్డిహైడు, ఇథైల్ ఎసిటోఎసిటేట్, యూరియాకు బదులుగా థయోయూరియా.

పనిలోకి దిగే ముందు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మామూలు సంశ్లేషణలో ప్రతి దశ తరువాతా మధ్యస్థ పదార్థాన్ని వేరు చేసి, శుద్ధి చేసి, తప్పు జరిగి ఉంటే దిద్దుకునే అవకాశం ఉంటుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు. అన్నీ ఒకేసారి ఫ్లాస్కులో పడతాయి, మధ్యలో ఏమి జరిగినా మీ చేతిలో ఉండదు. అందువల్ల మీ శ్రద్ధ అంతా వేడి చేయడానికి ముందు, వడపోసిన తరువాత ఉండాలి. నారుమడి పోయడానికి ముందే విత్తనాలను ఉప్పునీటిలో వేసి, తేలిన తాలును తీసిపారేసే రైతు పద్ధతి ఈ చర్యకు సరిగ్గా సరిపోతుంది.

ముడిపదార్థాల పరీక్ష

మొట్టమొదట బెంజాల్డిహైడు సీసాను చూడండి. మూత చుట్టూ తెల్లటి పొరలాంటిది పేరుకుని ఉంటే అది బెంజోయిక్ ఆమ్లం. బెంజాల్డిహైడు గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది. సగం ఖాళీ అయిన సీసా ఏడాదిపాటు అలమరాలో ఉంటే ఎంత మారి ఉంటుందో ఊహించవచ్చు. నేను చదువుకునే రోజుల్లో నా మొదటి బిజినెల్లి ప్రయోగంలో మెరిసే తెల్లటి స్ఫటికాలు రాగా, పొంగిపోయి గైడుగారికి చూపించాను. ఆయన ఏమీ అనకుండా చిటికెడు స్ఫటికాలను సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో వేశారు. బుసబుసమని పొంగింది. ద్రవీభవన స్థానం 121 డిగ్రీలు వచ్చింది. నేను రెండు రోజులు కష్టపడి తయారు చేసింది బెంజోయిక్ ఆమ్లమని, అది కూడా నేను తయారు చేసింది కాదని, సీసాలో ముందే ఉన్నదని అప్పుడు అర్థమైంది.

కాబట్టి బెంజాల్డిహైడును వేర్పాటు గరాటులో పోసి, 10 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణంతో రెండుసార్లు, తరువాత నీటితో ఒకసారి కడగండి. మొదటిసారి కడిగేటప్పుడు కార్బన్ డయాక్సైడు విడుదలై గరాటులో ఒత్తిడి పెరుగుతుంది కనుక, గరాటును తలకిందులుగా పట్టుకుని కుళాయిని తరచుగా తెరుస్తూ ఉండాలి. కడిగిన ద్రవాన్ని నిర్జల మెగ్నీషియం సల్ఫేటుపై ఆరబెట్టి, వీలైతే తగ్గించిన పీడనం దగ్గర స్వేదనం చేయండి. మామూలు పీడనం దగ్గర అది 179 డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి నేరుగా స్వేదనం చేయడం కష్టం కాకపోయినా, వేడిగాలిలో మళ్లీ కొంత ఆక్సీకరణం చెందుతుంది. ఆ సౌకర్యం లేనివారు కడిగి ఆరబెట్టినదాన్ని అదే రోజు వాడుకున్నా ఫలితం బాగానే ఉంటుంది.

ఇక యూరియా. డెల్టాలో యూరియా లేని ఊరు లేదు, ఎరువుల కొట్టు నుంచి గుప్పెడు తెచ్చుకుంటే సరిపోదా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. బస్తా మీద కనిపించే 46 శాతం నత్రజని అనే అంకె నిజానికి రసాయన శాస్త్రమే: యూరియా అణుభారం 60 అయితే అందులో 28 భాగాలు నత్రజని. కానీ 2015 నుంచి మన దేశంలో తయారయ్యే వ్యవసాయ యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయింది. ఆ నూనె, గుళికలు తయారయ్యేటప్పుడు ఏర్పడిన కొద్దిపాటి బైయూరెట్ అనే మలినం, మిశ్రమంలోని పదార్థాలను విడివిడి చుక్కలుగా చూపే మీ టీఎల్‌సీ ప్లేటు మీద అక్కర్లేని చుక్కలుగా కనిపిస్తాయి. ప్రయోగశాల శ్రేణి యూరియానే వాడండి. దాని ధర కూడా తక్కువే. వర్షాకాలంలో మన గాలి తేమకు యూరియా చెమ్మగిల్లి ముద్దకడుతుంది. తూచడానికి ముందు దాన్ని కల్వంలో నూరి, డెసికేటరులో ఒక రాత్రి ఉంచండి. ఓవెన్‌లో ఎక్కువ వేడిమీద పెట్టవద్దు, ఎందుకంటే యూరియా 133 డిగ్రీల దగ్గర కరిగి, ఆ పైన అమ్మోనియాను వదులుతూ బైయూరెట్‌గా మారుతుంది.

ఇథైల్ ఎసిటోఎసిటేటుతో పెద్ద ఇబ్బంది ఉండదు. రంగు లేకుండా, పండ్ల వాసనతో ఉంటే నేరుగా వాడవచ్చు. ద్రావణిగా 95 శాతం రెక్టిఫైడ్ స్పిరిట్ సరిపోతుంది. చర్యలోనే రెండు నీటి అణువులు విడుదలవుతున్నప్పుడు, ఖరీదైన నిర్జల ఆల్కహాలు కోసం తిరగడం వృథా.

తూకాలు

గ్రాముల్లో కాకుండా మిల్లీమోళ్లలో ఆలోచించడం అలవాటు చేసుకోండి. 20 మిల్లీమోళ్ల ప్రయోగానికి బెంజాల్డిహైడు 2.12 గ్రాములు, ఇథైల్ ఎసిటోఎసిటేట్ 2.60 గ్రాములు కావాలి. ఈ రెండింటినీ ఒకటికి ఒకటి నిష్పత్తిలో తీసుకుంటాము. యూరియాను మాత్రం ఒకటిన్నర రెట్లు, అంటే 30 మిల్లీమోళ్లు, 1.80 గ్రాములు తీసుకోండి. మిగిలిపోయిన యూరియా నీటిలో ఇట్టే కరిగిపోతుంది కాబట్టి అది ఎక్కువైనా చివరికి కడిగేయవచ్చు. ఆల్డిహైడు మిగిలిపోతే మాత్రం స్ఫటికాలకు అంటుకుని, ఎన్ని రోజులైనా బాదం వాసన వదలదు. పిప్పెట్‌తో ఘనపరిమాణం కొలిచే బదులు, ద్రవాలను కూడా ఫ్లాస్కులోకి నేరుగా తూచి పోయడమే మేలు.

అణుభారాలను కూడి చూడండి. 106.12, 130.14, 60.06 కలిపితే 296.32. దాని నుంచి రెండు నీటి అణువుల బరువు 36.03 తీసివేస్తే 260.29, అదే మీ ఉత్పన్నం అణుభారం. అంటే వేసిన పరమాణువుల బరువులో దాదాపు 88 శాతం ఉత్పన్నంలోనే నిలుస్తుంది, పోయేది నీరు మాత్రమే. బహుఘటక చర్యలను పర్యావరణానికి అనుకూలమైనవని చెప్పడానికి ఈ లెక్కే ఆధారం. ప్రాజెక్టు నివేదికలో ఆ మాట రాసేవారు ఈ లెక్కను కూడా చూపించాలి.

మరిగించడం

100 మిల్లీలీటర్ల గుండ్రటి అడుగు ఫ్లాస్కులో అయస్కాంతపు కడ్డీ వేసి, ముందుగా యూరియాను, దానిపై 20 మిల్లీలీటర్ల ఆల్కహాలును పోసి, కొద్దిగా వెచ్చబరిచి యూరియా చాలావరకు కరిగేదాకా కలపండి. తరువాత బెంజాల్డిహైడును, దాని వెంట ఇథైల్ ఎసిటోఎసిటేటును పోయండి. చివరగా గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎనిమిది పది చుక్కలు, డ్రాపరుతో, పొగగూటిలో (ఫ్యూమ్ హుడ్‌లో) వేయండి. ఆమ్లం ఎక్కువ వేస్తే చర్య వేగంగా జరుగుతుందనుకోవడం పొరపాటు; ఎక్కువైన ఆమ్లం యూరియాకు ప్రోటానును అందించి దాన్ని చర్యలో పాల్గొననివ్వదు.

చర్య జరిగే తీరు తెలిస్తే ఈ జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. 1997లో కాపే అనే రసాయన శాస్త్రవేత్త చేసిన అధ్యయనం ప్రకారం, మొదట యూరియాలోని నత్రజని ఆల్డిహైడుతో కలుస్తుంది. ఆ జంట నుంచి ఆమ్లం సాయంతో ఒక నీటి అణువు తొలగి, ధనావేశం కలిగిన ఎన్-ఎసైల్ఇమీనియం అయాను ఏర్పడుతుంది. ఇథైల్ ఎసిటోఎసిటేట్ తన ఈనాల్ రూపంలో, అంటే కార్బన్-కార్బన్ ద్విబంధం మీద ఓహెచ్ సమూహం ఉన్న రూపంలో, ఆ అయానులోని కార్బన్‌ను పట్టుకుంటుంది. ఇప్పుడు పొడవైన గొలుసు ఒకటి తయారైంది; దాని ఒక కొసన యూరియా నుంచి వచ్చిన స్వేచ్ఛా ఎమైన్ సమూహం, మరో కొసన కీటోన్ ఉన్నాయి. ఆ రెండూ కలిసి, రెండో నీటి అణువు పోయి, ఆరు పరమాణువుల వలయం మూసుకుంటుంది. ఆమ్లం మరీ తక్కువైతే ఆ అయాను ఏర్పడదు. మరీ ఎక్కువైతే యూరియా మూలన కూర్చుంటుంది.

ఫ్లాస్కుకు నీటి కండెన్సరును బిగించి, నీటి తొట్టి లేదా హీటింగ్ మాంటిల్ మీద సన్నగా మరిగించండి. బున్సెన్ మంటను ఆల్కహాలు దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి. ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే వేసవి నెలల్లో కుళాయి నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ఆల్కహాలు మరిగేది 78 డిగ్రీల వద్ద కాబట్టి నీళ్లు గోరువెచ్చగా ఉన్నా కండెన్సరు తన పని తాను చేస్తుంది. నీళ్లు ఆగిపోతేనే ప్రమాదం. ఆల్కహాలు ఆవిరి గదిలోకి వస్తుంది, ఫ్లాస్కు ఎండిపోతుంది. అందుకని నేను కుళాయిని నమ్ముకోవడం మానేసి, పెద్ద బకెట్టు నీళ్లలో ఎయిర్ కూలరుకు వాడే చిన్న పంపును వేసి, ఆ నీటినే తిప్పుతూ ఉంటాను. చేపలు, రొయ్యల ప్యాకింగ్ కోసం ఐస్ ఫ్యాక్టరీల్లో తయారయ్యే దిమ్మల నుంచి ఒక ముక్క తెచ్చి ఆ బకెట్టులో వేస్తే పూట గడిచిపోతుంది. అయితే ఆ ఐసును బకెట్టుకే పరిమితం చేయండి, ఉత్పన్నంలో కలపవద్దు. కరెంటు పోతే పంపు, మాంటిల్ ఒకేసారి ఆగుతాయి కనుక ఆ ఏర్పాటులో ఒక భద్రత కూడా ఉంది. కాకపోతే రెండూ ఒకే స్విచ్చుబోర్డు మీద ఉండాలి.

గంట గడిచిన తరువాత మొదటి టీఎల్‌సీ చూడండి. కాపిల్లరీతో ఒక చుక్క మిశ్రమాన్ని తీసి, కొద్ది ఇథైల్ ఎసిటేటులో పలుచన చేసి, సిలికా ప్లేటు మీద బెంజాల్డిహైడు చుక్క పక్కనే పెట్టండి. హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ సమపాళ్లలో కలిపిన ద్రావణిలో బెంజాల్డిహైడు చాలా పైకి పోతుంది, ఉత్పన్నం అంతకు ఎంతో దిగువన ఆగుతుంది. 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద రెండూ నల్లగా కనిపిస్తాయి. దీపం లేకపోతే అయోడిన్ సీసాలో పెట్టినా ఉత్పన్నం చుక్క తేలుతుంది. యూరియా దీపానికి కనిపించదు కాబట్టి దాని జాడ కోసం వెదకకండి. పై చుక్క మాయమయ్యేదాకా, మామూలుగా మూడు నాలుగు గంటలపాటు, మరిగించాలి. కొన్నిసార్లు వేడిగా ఉండగానే ఫ్లాస్కు గోడలకు తెల్లటి పొడి అంటుకోవడం మొదలవుతుంది. అది శుభసూచకమే గానీ, దాన్ని చూసి ముందే ఆపేయవద్దు.

వేరుచేయడం, శుద్ధి

వేడి తీసేసి, ఫ్లాస్కును గది ఉష్ణోగ్రతకు దానంతట అదే రానివ్వండి. తరువాత మిశ్రమాన్ని స్వేదనజలంతో చేసిన ఐసు ముక్కలున్న బీకరులోకి, గాజుకడ్డీతో కలుపుతూ, సన్నని ధారగా పోయండి. ఈ దశలో తొందరపడినవారికి స్ఫటికాలకు బదులు జిగురు వస్తుంది. మిశ్రమం నూనెలా విడిపోతే భయపడకుండా, కడ్డీతో బీకరు గోడను గీస్తూ, మునుపటి ప్రయోగం నుంచి దాచుకున్న ఒక చిన్న స్ఫటికాన్ని అందులో వేయండి. పది పదిహేను నిమిషాల్లో గట్టిపడటం మొదలవుతుంది. పాలలో తోడు వేయడం లాంటిదే ఇది.

బుక్నర్ గరాటు మీద వడపోసి, చల్లటి నీటితో మూడు నాలుగుసార్లు కడగండి. ప్రతిసారీ చూషణను ఆపి, నీళ్లు పోసి, గరిటెతో మెల్లగా కదిపి, మళ్లీ చూషణ పెట్టాలి. చూషణ నడుస్తుండగానే పైనుంచి నీళ్లు గుమ్మరిస్తే అవి పగుళ్ల గుండా జారిపోతాయి, యూరియా ముద్దలోపలే ఉండిపోతుంది. కడిగిన నీరు లిట్మస్‌కు తటస్థంగా వచ్చిన తరువాత, చివరగా ఐసులో పెట్టి చల్లార్చిన ఆల్కహాలు ఒకటి రెండు మిల్లీలీటర్లతో ఒక్కసారి తడిపి ఆపండి.

పునఃస్ఫటికీకరణానికి ఆల్కహాలే చాలు. ముడి పదార్థాన్ని కోనికల్ ఫ్లాస్కులో వేసి, మరుగుతున్న ఆల్కహాలును కొంచెం కొంచెంగా, అంతా కరిగేంతవరకే పోయండి. విద్యార్థులు చేసే అతి సాధారణమైన తప్పు ఇక్కడే జరుగుతుంది: ఒక మొండి నలుసు కరగలేదని ద్రావణిని పోస్తూ పోతారు, తీరా అది వడపోత కాగితపు పీచు అవుతుంది, ఉత్పన్నంలో సగం ద్రావణంలోనే ఉండిపోతుంది. వేడి ద్రావణాన్ని వడపోసి, మూతపెట్టి, కదపకుండా ఒక రాత్రి వదిలేయండి. మర్నాటి ఉదయానికి తెల్లటి స్ఫటికాలు ఫ్లాస్కు అడుగున చేరి ఉంటాయి. వానాకాలమైతే వాటిని ఫ్యాను కింద కాకుండా 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి.

20 మిల్లీమోళ్లకు సిద్ధాంతపరంగా రావలసింది 5.21 గ్రాములు. ఆరిన స్ఫటికాలు 3.9 గ్రాములు ఉంటే మీ దిగుబడి 75 శాతం. తడిగా ఉన్న స్ఫటికాలను తూచి 110 శాతం దిగుబడి రాసిన విద్యార్థుల రికార్డు పుస్తకాలను నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

వచ్చింది అదేనా?

ఈ ఉత్పన్నం 202 నుంచి 204 డిగ్రీల మధ్య కరగాలి. థీలే గొట్టంలో ద్రవ పారఫిన్‌తో అంత వేడికి వెళ్లేటప్పుడు పొగ వస్తుంది కనుక, విద్యుత్ పరికరం ఉంటే దాన్నే వాడండి. 180 డిగ్రీల దాకా వేగంగా వెళ్లినా, అక్కడి నుంచి నిమిషానికి రెండు డిగ్రీలకు మించకుండా పెంచాలి. కరగడం 190 దగ్గర మొదలై 200 దాకా సాగితే మరోసారి పునఃస్ఫటికీకరణం చేయాలని అర్థం. 122 దగ్గర కరిగితే నా కథ మీకు పునరావృతమైంది. లేత పసుపు స్ఫటికాలు వచ్చి 156, 158 డిగ్రీల మధ్య కరిగితే మాత్రం సంగతి వేరే: యూరియా విచ్ఛిన్నమై అమ్మోనియా వెలువడి, ఆ అమ్మోనియా రెండు ఎసిటోఎసిటేట్ అణువులను, ఒక ఆల్డిహైడును కలిపి డైహైడ్రోపిరిడిన్‌ను తయారు చేసిందన్నమాట. అది హాంచ్ చర్య, బిజినెల్లి కన్నా పదేళ్లు పెద్దది. దాన్నే కావాలని చేయదలిస్తే ఆల్డిహైడు ఒక పాలు, ఎసిటోఎసిటేట్ రెండు పాళ్లు, అమ్మోనియం ఎసిటేట్ ఒకటిన్నర పాళ్లు తీసుకుని, ఆమ్లం లేకుండా ఆల్కహాలులో మరిగించండి. మిగతా పద్ధతి ఇదే. రక్తపోటు మందు నిఫెడిపైన్ ఆ కుటుంబానిదే.

ద్రవీభవన స్థానాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పడానికి మరో కారణం ఉంది. బెంజాల్డిహైడుకు బదులు 4-మీథాక్సీ, 4-క్లోరో, 4-నైట్రో బెంజాల్డిహైడులు వాడితే వచ్చే ఉత్పన్నాలు కూడా ఇంచుమించు 200, 215 డిగ్రీల మధ్యనే కరుగుతాయి. సీసాలు తారుమారైతే కనిపెట్టడం కష్టం. మీ పదార్థాన్ని, ముందే నిర్ధారణ అయిన నమూనాను సమానంగా కలిపి నూరి, ఆ మిశ్రమం కరిగే ఉష్ణోగ్రతను చూడండి. రెండూ ఒకటే అయితే అది పడిపోదు, వేరైతే స్పష్టంగా పడిపోతుంది.

విశ్వవిద్యాలయానికి నమూనా పంపి, అణువులో హైడ్రోజన్లు ఎలాంటి చోట్ల ఉన్నాయో చూపే ఎన్‌ఎంఆర్ తీయించుకోగలిగితే డీఎంఎస్ఓ ద్రావణిలో తీయించండి. 9.2 పీపీఎం దగ్గర ఒక ఎన్-హెచ్, 7.7 దగ్గర మరొకటి, 5.1 దగ్గర వలయంలోని ఒంటరి సీ-హెచ్, 2.25 దగ్గర మిథైల్ సమూహం కనిపించాలి. ఇథైల్ సమూహం 4.0 దగ్గర నాలుగు గీతలుగా, 1.1 దగ్గర మూడు గీతలుగా వస్తుంది. నేను ముందుగా చూసేది 5.1 దగ్గరి గీతనే, ఎందుకంటే ఆల్డిహైడు కార్బన్ వలయంలో చేరిందనడానికి అదే సాక్ష్యం.

మార్పులు చేయదలిచినవారికి

ఆమ్లానికి బదులుగా నిమ్మరసం వాడి ఈ చర్యను జరిపినట్లు పరిశోధన పత్రాలు ఉన్నాయి. అవి అబద్ధం కాదు. కానీ ఒక కాయకూ మరో కాయకూ పులుపు తేడా ఉంటుంది, రసంలో ఎంత ఆమ్లం పడిందో మీరు చెప్పలేరు. ప్రదర్శనకు నిమ్మకాయ, ప్రాజెక్టుకు తూచిన సిట్రిక్ ఆమ్లం అన్నది నా అభిప్రాయం. ద్రావణి అసలే లేకుండా మూడింటినీ కలిపి 100 డిగ్రీల దగ్గర గంటసేపు వేడి చేసే పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది. ఆల్కహాలు అనుమతి దొరకని కళాశాలలు దాన్ని ప్రయత్నించవచ్చు. కొవ్వు శ్రేణి (అలిఫాటిక్, అంటే బెంజీన్ వలయం లేని) ఆల్డిహైడులతో దిగుబడి తగ్గుతుంది, మొదటి ప్రాజెక్టుకు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

వడపోసిన ఆమ్లపు ఆల్కహాలును సింకులో పారబోయకండి. మన సింకు గొట్టాలు చాలాచోట్ల నేరుగా మురుగు డ్రెయిన్లలోకి పోతాయి, ఆ డ్రెయిన్ల నుంచే కింది ఊళ్లలో చేపల చెరువులకు నీరు తోడుకుంటారు. సోడియం కార్బొనేటుతో తటస్థపరిచి, మూత బిగించిన వ్యర్థాల డబ్బాలో పోసి, డబ్బా మీద అందులో ఏమున్నదో రాయండి.

తయారైన స్ఫటికాలను చిన్న గాజు సీసాలో వేసి, పదార్థం పేరు, తేదీ, బరువు, ద్రవీభవన స్థానం, నోటుపుస్తకంలోని పేజీ సంఖ్య రాసిన చీటీని అంటించండి. స్కెచ్ పెన్నుతో రాస్తే మన తేమకు జూలై కల్లా అలికిపోతుంది. పెన్సిలుతో రాసి, పైన సెల్లోటేపు వేయండి.